వైజ్ఞానిక కథాగోష్ఠులు



ఈ సాయంకాలమున నేను మీకు మనవిచేయబూనిన విషయము మన నందికొట్కూరు ప్రాంతమువారికి కొంత క్రొత్తగా దోచవచ్చును. వైజ్ఞానిక కల్పనాకథలయందు ప్రీతిగల సామాన్యులు అక్కడక్కడ చిన్న చిన్న గోష్ఠులుగా గూడి, కథలను చదివి, చర్చించి, తామును వ్రాయ నేర్చిన చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము. ఈ గోష్ఠులు మొదట అమెరికాలో పుట్టినవి. పిమ్మట ఇంగ్లండునకును, మన దేశమున కలకత్తాకును ప్రాకినవి. దూరదేశపు బాలుర ముచ్చటలు మనకేల యని మీ రడుగవచ్చును. దానికి సమాధానము ప్రసంగము ముగియులోపల మీకే తోచునని నా నమ్మకము.

ముందుగా వైజ్ఞానిక కల్పన యన నేమో చెప్పుకొందము. భాగవతమున నవమస్కంధమునందలి కకుద్మిరాజు కథ మీ రెరిగినదే. ఆయన తన కూతురగు రేవతికి తగిన వరు డెవ్వడో తెలిసికొనుటకై ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకమునకు పోయెను. అక్కడ గానము జరుగుచుండుటచే క్షణకాలము వేచియుండి, పిదప తన మనవిని వినిపించెను. అంతట బ్రహ్మ నవ్వి, ఈలోపల భూలోకమున ఇరువదియేడు చతుర్యుగములు గడచిపోయినవనియు, రాజు మనసున నెంచుకొన్నవారి మనుమలు సైతము ఇప్పుడు లేరనియు చెప్పెను. ఒకచోట క్షణము, మరియొకచోట యుగములు. ఈ ఊహ మనకు క్రొత్త కాదు.

అయితే పురాణమున దీనికి కారణము బ్రహ్మలోకమహిమ. వైజ్ఞానిక కథ వ్రాయువాడు ప్రకృతిధర్మములనుండియే కారణమును చూపవలెను. చూపలేనిచో చదువరి యొప్పుకొనడు. ఆంగ్లరచయితయగు వెల్సు 1895లో, కాలమునందు ముందునకును వెనుకకును పోగల యంత్రమును గూర్చి ఒక కథ ప్రకటించెను. అట్టి యంత్రమునే 1991లో వచ్చిన 'ఆదిత్య 369' అను తెలుగు చలనచిత్రమున మీలో పలువురు చూచియుందురు. అందలి పాత్రలు యంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలమునకు పోవుదురు. ఇట్టి రచనలనే వైజ్ఞానిక కల్పన లందురు. అవి శాస్త్రము కావు. శాస్త్రమును పునాదిగా చేసికొని లేపిన ఊహామందిరములు.

ఇక గోష్ఠుల మాట. లక్సెంబర్గు దేశమునుండి 1904లో అమెరికాకు వలసపోయిన హ్యూగో గెర్న్స్‌బాక్ అను నాతడు విద్యుత్పరికరములను, రేడియో సామగ్రిని అమ్ముచు, వానిని గూర్చి పత్రికలు నడపుచుండెను. ఆతడు 1926 ఏప్రిలు సంచికతో 'అమేజింగ్ స్టోరీస్' అను మాసపత్రికను ఆరంభించెను. ఆంగ్లభాషలో కేవలము ఇట్టి కథలకే వెలసిన మొదటి పత్రిక యిది. ఆతడు చేసిన మరియొక పని చూచుటకు చిన్నది, ఫలమున పెద్దది. పాఠకుల ఉత్తరములను ప్రకటించునపుడు వారి చిరునామాలను గూడ అచ్చువేయించుచుండెను.

దాని పర్యవసాన మేమనగా: ఒక్కొక్క ఊరిలో ఒక్కరుగానుండి, ఇట్టి పిచ్చి తమకొక్కరికే కలదనుకొనుచు, ఇంటివారికి పుస్తకములు కనబడకుండ దాచుకొనుచున్న బాలురకు, తమవంటివారు మరికొందరు కలరని తెలిసెను. వారు ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనిరి. ఒకే ఊరివారైనచో కలిసికొనిరి. 1929 డిసెంబరు 11వ తేదీన న్యూయార్కు నగరమున కొందరు యువకులు 'సైన్సీర్స్' అను పేర ఒక గోష్ఠిగా గూడిరి. వారిలో ఎక్కువమంది పడుచువాండ్రు, తెల్లజాతివారు. వారు తమ అధ్యక్షునిగా ఎన్నుకొన్న ఫిట్జెరాల్డ్ అను నాతడు మాత్రము నీగ్రోజాతివాడు. వారికంటె వయసున పెద్దవాడు. హార్లెము పేటలోని ఆతని యింటనే వారు సమావేశమగుచుండిరి. తెల్లవారును నల్లవారును ఒక పంక్తిని కూర్చుండుట యరుదైన ఆ దినములలో, ఒక కథాప్రీతి వారిని ఒక గదిలో కూర్చుండబెట్టినది. ఈ సంఘము కొన్నియేండ్లకంటె నిలువలేదు. అయినను తరువాతివారందరికిని దారి చూపినది.

1934లో గెర్న్స్‌బాక్ తన మరియొక పత్రికద్వారా ఇట్టి పాఠకులకై ఒక సమాఖ్యను నెలకొల్పి, ఊరూర శాఖలను స్థాపింపుడని పిలుపునిచ్చెను. పత్రిక యమ్మకము పెంచుకొనవలెనను వ్యాపారబుద్ధియు అందు లేకపోలేదు. కాని విత్తువేసినవాని యుద్దేశ మేదైనను మొలక తన గుణము చొప్పుననే పెరుగును గదా! సమాఖ్య కాలక్రమమున అంతరించినది; శాఖలలో కొన్ని నిలిచినవి.

అట్టి శాఖలలో నొకటి ఇంగ్లండునందలి లీడ్సు పట్టణమున 1935లో ఏర్పడినది. ఉన్నిమిల్లులకు పేరుపడిన ఊరది. సభ్యులు కొద్దిమంది యువకులు. వారు సాహసించి, దేశమునందలి తమవంటివారినందరిని ఒక దినము తమ ఊరికి రండని ఆహ్వానించిరి. 1937 జనవరి 3వ తేదీ ఆదివారమునాడు, దివ్యజ్ఞానసమాజమువారి హాలులో ఆ సభ జరిగినది. దేశమంతటినుండి వచ్చినవారు ఇరువదిమందికి మించలేదు. మన ఊరి గంగజాతరలో రంగులరాట్నము చుట్టు గుమిగూడువారిలో పదియవవంతు కూడ కాదు! లోకమున వైజ్ఞానిక కథాప్రియుల మొదటి మహాసభ యిదియేయని పలువురు చరిత్రకారుల యభిప్రాయము.

ఆ ఇరువదిమందిలో పందొమ్మిదేండ్ల కుర్రవా డొకడు లండనునుండి వచ్చియుండెను. రైతుకుటుంబమున పెరిగినవాడు, తండ్రి చిన్ననాడే గతించెను, సర్కారు కచ్చేరిలో లెక్కలు తనిఖీచేయు చిన్న గుమాస్తాపని. ఆతని పేరు ఆర్థర్ క్లార్కు. ఈతడు 1945 అక్టోబరులో ఒక రేడియోశాస్త్రపత్రికయందు ఒక వ్యాసము ప్రకటించెను. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఒక యంత్రమును నిలిపినచో, అది భూమితోపాటు ఇరువదినాలుగు గంటలకొకమారు తిరుగుచు, మనకు ఆకసమున ఒకేచోట కదలక నిలిచినట్లుండుననియు, అట్టివి మూడున్నచో లోకమంతటికిని వార్తలు ప్రసారము చేయవచ్చుననియు లెక్కలు గట్టి చూపెను. అప్పటికి మానవుడు చేసిన వస్తువేదియు భూమిని చుట్టివచ్చి యెరుగదు.

ఆ ఊహ ముప్పదియేండ్లలో మన ముంగిటికి వచ్చినది. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరకాలము, అమెరికావారి ఉపగ్రహము నొకదానిని ఎరువు తీసికొని, మన ప్రభుత్వము ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన ప్రసారములు చేయించినది. అందు తెలుగు గ్రామములును గలవు. కోళ్లగూళ్లకు వాడునట్టి ఇనుపవలతో చేసిన మూడు మీటర్ల గొడుగును ఆకసమువంకకు త్రిప్పి నిలిపి, ఊరివారందరు ఒక పెట్టె యెదుట కూర్చుండి, వ్యవసాయమును, ఆరోగ్యమును గూర్చిన మాటలు తమ భాషలో వినిరి. ఆ ఉపగ్రహము నిలిచినది క్లార్కు లెక్కగట్టిన ఆ యెత్తుననే. లీడ్సులోని ఆ చిన్నగదియే ఉపగ్రహమును కనినదని నేననను. దానివెనుక వేలకొలది శాస్త్రజ్ఞుల శ్రమ కలదు. కాని గుమాస్తాపని చేసికొను నొక కుర్రవానితో, నీ వెఱ్ఱి వెఱ్ఱి కాదు, కూర్చుండి చెప్పుమని పలికినవారు ఇట్టి చిన్న గోష్ఠులవారే. ఆ ధైర్యమునకు వెలకట్ట నెవరి తరము?

అమెరికా పడమటితీరమున లాసు ఏంజిలెసు నగరమునందలి శాఖ 1934 అక్టోబరు 27వ తేదీన పుట్టినది. నా యెరుకలో అన్నిటికంటె మనము నేర్చుకొనదగిన చరిత్ర దీనిదే. ఏలయన, తక్కినవి ఆరిపోగా నిది నిలిచినది. ఆ దినములు ఆర్థికమాంద్యపు దినములు. పనిలేక జనులు వీధులవెంట తిరుగుచుండిరి. ఆ నగరమున క్లిఫ్టన్ అను పేర ఒక భోజనశాల యుండెను. దాని యజమాని, డబ్బు లేనివాడు ఈయగల్గినంత యిచ్చి తినవచ్చునను నియమము పెట్టినవాడు. అట్టి పుణ్యాత్ముని భోజనశాలలోని ఒక గదిలో, ప్రతి గురువారము సాయంకాలము ఈ గోష్ఠివారు కూడుచుండిరి.

1937లో ఆ గదికి పదునేడేండ్ల బీదబాలు డొకడు వచ్చి చేరెను. ఉన్నతపాఠశాల ముగిసినపిదప కళాశాలకు పోవు స్తోమత లేక, వీధిమూలల వార్తాపత్రికలమ్మి జీవించుచు, మిగిలిన కాలమును గ్రంథాలయమున గడపినవాడు. రే బ్రాడ్బరీ యని యాతని పేరు. ఆతని తొలికథ 1938 జనవరిలో ఈ గోష్ఠివారి చిన్నపత్రికలోనే వెలువడినది. మరుసటియేడు తానే ఒక పత్రిక నారంభించి, నాలుగు సంచికలు మాత్రమే తేగల్గెను. తనకంటె పెద్దలగు రచయితలు అదే గోష్ఠిలో సభ్యులైయుండి, ఆతని వ్రాతలు చదివి తప్పులు దిద్దిరి. 1953లో ఆతడు ప్రకటించిన నవలయందు, పుస్తకములను వెదకి వెదకి తగులబెట్టు ఒక రాజ్యమును, ఆ పుస్తకములను కంఠస్థముచేసి కాపాడు కొందరు మనుజులను వర్ణించెను. కంఠస్థముచేసి విద్యను కాపాడుట యన నేమో తెలిసిన దేశము మనది. కావున ఆ కథలోని మర్మము మనకు చప్పున తెలియును.

ఆ గోష్ఠి యిప్పటికిని గురువారమునాడే కూడుచున్నది. సంవత్సరములతరబడి చిల్లర నాణెములు కూడబెట్టి, 1973లో తనకొక సొంతయిల్లు కొన్నది. మరణించినను మా సభ్యత్వము వదలదని వారు తమలో తాము వేడుకకు చెప్పుకొందురట! అప్పులవానిని విడువని వడ్డీవలె, ఆ గోష్ఠి సభ్యుని విడువదు కాబోలు.

అన్నియు మంచిమాటలే చెప్పి మిమ్ము మభ్యపెట్టుట నాకిష్టము లేదు. చిన్న గోష్ఠులకు ఒక పెద్ద జబ్బు కలదు, అది కక్ష. న్యూయార్కున 1938లో 'ఫ్యూచరియన్లు' అను గోష్ఠి యొకటి లేచినది. అదే నగరమున మరియొక పక్షము గలదు. 1939 జూలైలో ఆ రెండవ పక్షమువారు, సుమారు ఇన్నూరుమంది వచ్చిన మొదటి ప్రపంచసభను నడపుచు, ఫ్యూచరియన్లలో ఆరుగురిని గుమ్మము దాటనీయలేదు. చంద్రమండలయాత్రను, నక్షత్రలోకముల మైత్రిని కలలుగనువారు, ఒక వాకిలివద్ద పోట్లాడుకొనిరి! మిఠాయిదుకాణము నడపుకొను వలసకుటుంబపు కుర్రవాడు, తరువాత జగత్ప్రసిద్ధుడైన ఐజాక్ అసిమోవు, ఆ గోష్ఠివాడేయైనను లోపలికి పోగల్గెను. బయట నిలిచిన మిత్రులమాట ఆతనిని తరువాతికాలమున బాధించినది. ఆ ఫ్యూచరియన్లు 1945 నాటికి చెదరిపోయిరి. పార్టీలు, పంతములు ఊళ్లను ఎట్లు తినివేయునో రాయలసీమవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

మన దేశమునకు వత్తము. కలకత్తాలో అద్రీశ్ బర్ధన్ అను రచయిత 1963లో 'ఆశ్చర్య' అను వంగభాషాపత్రికను స్థాపించెను. ఈ కథలకు 'కల్పవిజ్ఞాన్' అను పేరు పెట్టినవాడును ఆతడే. 1966 జనవరి 26వ తేదీన, వైజ్ఞానిక చలనచిత్రములను చూచి చర్చించుటకు ఒక గోష్ఠి యేర్పడగా, సుప్రసిద్ధ చిత్రదర్శకుడగు సత్యజిత్ రాయి దానికి అధ్యక్షత వహించెను; ప్రేమేంద్ర మిత్ర ఉపాధ్యక్షుడు, బర్ధన్ కార్యదర్శి. అంత గొప్పవారు పూనినను ఆ గోష్ఠి కొన్నియేండ్లకే ఆగిపోయినది. పత్రికయు 1970 దాటిన కొలదికాలమునకు నిలిచిపోయినది. భారమంతయు ఒక్కని భుజములపై నుండుటయే దీనికి ముఖ్యకారణమని నేను తలంతును. ఆ యొక్కని యింట కష్టము కలిగినపుడు బండి కదలుట యెట్లు?

తెలుగున ఇట్టి గోష్ఠి నాకు తెలిసినంతలో పేరొందలేదు గాని, దానికి వలసిన నేల మనవారు ఏనాడో దున్నిపెట్టిరి. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలి వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారితో కలిసి దానిని స్థాపించినవారిలో ఒకరు మన కర్నూలున 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. మండలి ప్రకటించిన తొలిగ్రంథము ఆయన వ్రాసిన అబ్రహాం లింకను చరిత్రము. పిమ్మట పదార్థవిజ్ఞానము, రసాయనము, జీవశాస్త్రము మొదలగువానిని గూర్చి తెలుగున గ్రంథములు వెలువరించిరి. ఆంగ్లము రానివానికి విజ్ఞానము రాకూడదా యని వారు వేసికొన్న ప్రశ్న. హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై 1908లో కారాగారమున కేగి, తిరిగివచ్చి, శేషజీవితమును గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును ధారపోసిరి. మన సీమవాడు వెలిగించిన దీపమది. దాని వెలుగున కూర్చుండుటకు మన పిల్లలకు హక్కు కలదు.

ఇప్పుడు నేను మొదట దాచియుంచిన సమాధానము. కొలదిదినముల క్రిందట మా పేటలోని అయిదారుగురు విద్యార్థులు నాయొద్దకు వచ్చి, వారమున కొకనాడు కూర్చుండి ఇట్టి కథలు చదువుకొనుటకు ఎక్కడనైన చోటిప్పింపుడని యడిగిరి. గుడి యరుగుమీద కూర్చున్నచో అల్లరియని లేపుదురట. ఇంటిలో కూర్చున్నచో పాఠములు మాని కట్టుకథలేమిటని గద్దింతురట. ఇట్టి పిల్లలు ఒక్క మా పేటలోనే లేరు; మీ గ్రామములలోను గలరు. వారికి బదులు చెప్పవలసినవారము మీరును నేనును.

కట్టుకథలు చదివినచో పిల్లలు నేలవిడిచి సాముచేయుదురని మన భయము. కాని మన నేలనే చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున కర్నూలునుండి కడపవరకు పడవలు నడచునట్లును, పొలములు పారునట్లును కాలువ త్రవ్వవలెనని యొకరు తలచినపుడు, అదియు కట్టుకథయే. నేడు ఆ కాలువనీటితో పండిన గింజలు మనము తినుచున్నాము. శ్రీశైలమున కృష్ణకు అడ్డుకట్ట వేసినపిదప, నదియొడ్డున తరతరములుగా నున్న గ్రామములు నీట మునిగినవి. సంగమేశ్వరుని గుడి యేటికొకమారు, వేసవిలో నీరు తగ్గినపుడు మాత్రమే మనకు దర్శనమిచ్చుచున్నది. రాబోవు కాలమును ముందుగా మనసున చూడ నేర్చుట వినోదము మాత్రమే కాదు. వానలు తప్పినచో ఏమగును, బోరుబావులు అడుగంటినచో ఏమగును, మన పనులు యంత్రములు చేసినచో మన పిల్ల లేమి చేయుదురు? ఈ ప్రశ్నలు మన పొలములవే. వానిని కథగా వ్రాసిచూచు బాలుడు సోమరి కాడు.

చదువు చెడునందురా? వారమున కొక సాయంకాలము, రెండుగంటలు. అంతకంటె నెక్కువకాలము చేతిలోని టెలిఫోనునకు ధారపోయుట మనము చూచుచునే యున్నాము. అది ఒంటరివినోదము, ఇది పదిమందిలో కూర్చుండి వాదించుట. పైగా పుస్తకములు ఆంగ్లమున నున్నచో, ఒకడు చదివి తక్కినవారికి తెలుగున చెప్పవలెను. మన అరుగులమీద పురాణము చదువువాడొకడు, అర్థము చెప్పువాడొకడు ఉండెడివారు గదా. ఆ పద్ధతియే యిది.

ఈ చరిత్రలనుండి నేను గ్రహించినవి మూడు. మొదటిది, చోటు. హార్లెములో ఒకని యిల్లు, లీడ్సులో ఒక సమాజపు హాలు, లాసు ఏంజిలెసున ఒక భోజనశాల గది. ఎక్కడను ఆ చోటును బాలురు కట్టుకొనలేదు, పెద్దవా డొకడు తలుపు తెరచెను. రెండవది, దినము. వానకురిసినను, ముగ్గురే వచ్చినను, గురువారమనిన గురువారమే. మూడవది, వ్రాత. ఎవరు వచ్చిరి, ఏమి చదివిరి, ఏమి వాదించిరి యని ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. ఆ పుస్తకమును వ్రాయువాడు ఏటేట మారవలెను. అప్పుడు భారము ఒక్కనిపై పడదు. సంగమేశ్వరుని రాతిగుడి నీటిలో మునిగియు మరల తేలుచున్నది; కాగితము మునిగినచో తేలదు, వ్రాయనే వ్రాయని మాట మునుగుటకైన నోచుకొనదు.

ఇట్టి గోష్ఠిలో చేరినవారందరు క్లార్కులును బ్రాడ్బరీలును అగుదురని నే నాశపెట్టను. ఆ గదులలో కూర్చున్నవారిలో ఎక్కువమంది గుమాస్తాలుగాను, పనివారుగాను, అంగడివారుగాను బ్రతికి వెళ్లిపోయిరి. గోష్ఠి పదియేండ్లు నిలుచునో, రెండేండ్లకే ముగియునో చెప్పలేము. ముగిసినను నష్టము లేదు. అడుగుటకు భయపడని బుద్ధి యొకటి వారితో ఇంటికి వచ్చును.

మీ గ్రామమున తాళము పడియున్న చావడిగది యొకటి, వాడుకలేని పాఠశాలకొట్టు మరియొకటి యుండకపోవు. చీపురు పట్టుటకు పిల్లలు సిద్ధముగా నున్నారు. ఒక చాప, ఒక దీపము, ఒక తెల్లకాగితముల పుస్తకము చాలును. తాళపుచెవి మాత్రము పెద్దల మొలలో నున్నది. దానిని వారి చేతికిండని నా మనవి.